మార్జిన్‌లో రాసింది

మొదట ఒక ఉత్తరం వచ్చింది,
స్వీడన్ నించి, మా బట్ట కొనే కంపెనీ నించి.
రెండు పేజీల మర్యాద, చివర ఒక గడువు:
సర్టిఫికెట్ లేకపోతే వసంతకాలం ఆర్డరు లేదు.

నదిమీద ప్రేమతో మొదలుపెట్టామని
ఇప్పుడు ఆఫీసు గోడమీద ఫ్రేము కట్టిన కాగితం అంటుంది.
నేనక్కడే ఉన్నాను. ప్రేమ కాదు,
యజమాని ఫిర్మీనో నుదుటిమీద చెమట.

"బెల్మీరా, నీ చేతిరాత గుండ్రంగా ఉంటుంది,
ఇవాళ్టి నించి పర్యావరణం నీది" అన్నాడు.
అప్పటిదాకా రంగులు తూచేదాన్ని,
గ్రాముల్లో నీలి, గ్రాముల్లో దానిమ్మ ఎరుపు.
జీతం పెరగలేదు. ఒక ఫైలు ఇచ్చారు,
ఒక పెన్ను, ఎవరూ ఎత్తుకుపోకుండా దానికో తాడు.

ఉత్తర పోర్చుగల్‌లో కొండల మధ్య ఊరు మాది,
ఏడాదిలో సగం వానే.
నీళ్లకి లెక్కేమిటని ఏ తాతా అడగలేదు.
నదిని చూసి జనం ఈ ఏటి ఫ్యాషను చెప్పేవాళ్లు.
వంగపండు రంగు పారితే చలికాలం కోట్లు.
తెల్ల దుప్పటి ఉతకాలంటే
మా అమ్మ ఆదివారం దాకా ఆగేది.

మీటర్లు బిగించారు.
కిలో బట్టకి నూట నలభై లీటర్లు.
ఫిర్మీనో ఆ అంకెను రెండుసార్లు చదివాడు,
కళ్లజోడు తుడుచుకుని మూడోసారి.
ముప్పై ఏళ్లు నది రంగులు మార్చినా కదలని మనిషి
గ్యాసు బిల్లు పక్కన వేడినీళ్ల లెక్క పెట్టగానే
రాత్రంతా మేలుకున్నాడు.
మర్నాడు తనే మోకాళ్లమీద కూచుని
కారే గొట్టం కింద బకెట్టు పెట్టాడు, వాచీ చూస్తూ.
పుణ్యం చేయలేని పని కొన్నిసార్లు
పిసినారితనం చేసిపెడుతుంది.
పారబోసే నీటి వేడితో కొత్త నీరు కాగింది.
నూట పది. తొంభై రెండు. డెబ్బై ఆరు.
బోర్డుమీద సుద్దతో రాసేదాన్ని,
కుర్రాళ్లు పందేలు కాసేవాళ్లు, ఓడినవాడిది కాఫీ.

అన్నీ రాశాను, ఒకటి తప్ప.
ఫారంలో దానికి కాలమ్ లేదు.
బాయిలరు వెనక, పాత బస్తాల చాటున ఒక వాల్వు.
రాత్రి రెండింటికి అదెలీనో దాన్ని తిప్పేవాడు,
తొట్టెల్లో మిగిలింది తిన్నగా నదికి.
పందొమ్మిదేళ్లు.
తిప్పమన్నది ఫిర్మీనో, అంతకుముందు వాళ్ల నాన్న.
"పగటి నీళ్లు నువ్వు రాసుకో,
రాత్రి నీళ్లకి సాక్షి లేదు" అనేవాడు అదెలీనో.

ఆడిటర్ రేపొస్తుందనగా
ఫైలు ముందేసుకుని కూచున్నాను.
కూడికలన్నీ సరిపోయాయి.
ఇంత చక్కటి కాకిలెక్క నేనెప్పుడూ చూడలేదు.
మార్జిన్‌లో, గుండ్రటి అక్షరాలతో రాశాను:
వాల్వు ఒకటి. రాత్రి రెండు. ఎంతో తెలియదు.

ఆవిడ వచ్చింది, బూట్లకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని.
కాలమ్‌లు చదివింది. మార్జిన్ చదవలేదు.
సర్టిఫికెట్ వచ్చింది. కేకు కోశారు.

ఫైలు బీరువాలో పెట్టేముందు ఫిర్మీనో చదివాడు.
ఏమీ అనలేదు.
నేను డ్రాయరు ఖాళీ చేసుకున్నాను కూడా:
దువ్వెన, సగం జొన్నరొట్టె, చిల్లర.
మూడు వారాలకి, ఒక శనివారం, వెల్డింగు మనిషి వచ్చాడు.
బస్తాలు పక్కకి లాగారు. నీలిమంట.
అదెలీనో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు,
చావింటికి వచ్చినట్టు.
ఏ నివేదికలోనూ ఆ తేదీ లేదు.

నది ఇప్పుడు నీళ్ల రంగులో ఉంది, అంటే మట్టిరంగు.
చేపలొచ్చాయని చెప్పను, నేను చూడలేదు.
ఎగువన ఇంకో రెండు మిల్లులున్నాయి,
తిలాపాపం తలా పిడికెడు.

రాత్రి రెండింటికి అదెలీనో కాళ్లు
ఇంకా బాయిలరు వెనక్కే పోతాయట.
చెయ్యి చాస్తే అతికిన ఇనుము.
ఆ తర్వాత ఏం చేయాలో తోచక
మీటరు చదివి, సిగరెట్ పెట్టె అట్టమీద అంకె రాసి
నా బల్లమీద పెట్టి వెళ్తాడు.
ఏడు ఒకటిలా ఉంటుంది, ఒకటి ఏడులా.
నేను తిరగరాయడం లేదు.
అట్టముక్కే ఫైల్లో అంటిస్తున్నాను.